అనంతపురం జిల్లాలో కుటుంబ నియంత్రణ వ్యయం

కుటుంబ నియంత్రణ వ్యయం అనగా గర్భధారణను వాయిదా వేయడానికి గాని, శాశ్వతంగా నివారించడానికి గాని అవసరమయ్యే సాధనాలు, శస్త్రచికిత్స, ప్రయాణం, విశ్రాంతి, తదనంతర చికిత్సలకు అయ్యే మొత్తం ఖర్చు. భారత దేశంలో ఈ సేవలు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. అయినా ఆపరేషన్ తరువాత పనికి వెళ్ళలేని రోజుల కూలి, ఆపరేషన్ విఫలమైతే పుట్టే బిడ్డ పోషణ, ప్రాణాపాయం వంటివి ఆసుపత్రి పద్దులోకి రావు. వీటిని ఎవరు భరించాలన్నది ప్రభుత్వాల మధ్య, న్యాయస్థానాలలో, మహిళా సంఘాలలో అనేక దశాబ్దాలుగా చర్చలో ఉన్న విషయం. రోజు కూలిపై ఆధారపడిన కుటుంబాలు అధికంగా ఉన్న అనంతపురం జిల్లా ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఉదాహరణ.

ప్రాంత పరిస్థితులు

రాయలసీమలోని అనంతపురం జిల్లా దక్కను పీఠభూమిపై, వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉన్నది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అవిభక్త జిల్లా జనాభా 40.8 లక్షలు. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా దీని నుండి వేరుపడింది. ఈ వ్యాసంలో అనంతపురం అన్నచోట ఉమ్మడి జిల్లా అని గ్రహించాలి.

ఇక్కడి ప్రధాన పంట వర్షాధార వేరుశనగ. వర్షం లేని ఏడు సన్నకారు రైతులు, కూలీలు బెంగుళూరు తదితర నగరాలకు వలస పోవడం ఆనవాయితీ. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించాడు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాలలోనూ అనంతపురం ఒకటి (మిగిలినవి మహబూబ్ నగర్, శ్రీకాకుళం). 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.) బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలోని ఆసుపత్రుల ద్వారా ప్రసూతి సేవలు అందిస్తూ వచ్చింది.

జిల్లాలో బాల్య వివాహాలు ఎక్కువ. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 సంవత్సరాల వయసు స్త్రీలలో 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళైనవారు ఆంధ్ర ప్రదేశ్‌లో 29.3 శాతం కాగా, అనంతపురంలో మూడింట ఒక వంతుకు మించి ఉన్నారు. చిన్న వయసులో పెళ్ళి, వెంటనే ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ఆపరేషన్ - గ్రామాలలో తరచు కనిపించే క్రమం ఇది.

చరిత్ర

భారత ప్రభుత్వం 1952లో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ప్రభుత్వమే ఇటువంటి కార్యక్రమాన్ని చేపట్టిన దేశాలలో భారతదేశం మొదటిది. 1960లలో లక్ష్యాల పద్ధతి వచ్చింది. 1966లో కేంద్రం రాష్ట్రాలకు ఒక్కొక్క లూప్‌కు 11 రూపాయలు, వేసెక్టమీకి 30, ట్యూబెక్టమీకి 40 చొప్పున చెల్లించడం మొదలుపెట్టింది. ఈ సొమ్ము నుండే చేయించుకున్న వారికి, వారిని తీసుకొచ్చిన వారికి నగదు ముట్టేది.

ఈ చెల్లింపులకు, కరువుకు ఉన్న సంబంధం ఆనాడే బయటపడింది. 1966-67లో బీహారు కరువు కాలంలో ఆపరేషన్ల సంఖ్య పెరిగిన తీరును చరిత్రకారుడు మాథ్యూ కానెల్లీ తన "ఫేటల్ మిస్‌కన్సెప్షన్" (2008) గ్రంథంలో వివరించాడు. ఆకలితో ఉన్నవారికి ఇచ్చే నగదు పరిహారమా, ప్రలోభమా అన్న విమర్శకు ఇటువంటి అనుభవాలే ఆధారం. కరువు సీమలన్నింటికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది.

అత్యవసర పరిస్థితి కాలంలో, 1976-77లో, దేశవ్యాప్తంగా 82 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. అందులో దాదాపు 62 లక్షలు పురుషులకు చేసినవి. నిర్బంధంపై ప్రజాగ్రహం పెల్లుబికింది. 1977లో కార్యక్రమం పేరు "కుటుంబ సంక్షేమం"గా మారింది. ఆ తరువాత రాజకీయ నాయకులు పురుషుల ఆపరేషన్ల ఊసెత్తడానికి వెనుకాడారు. భారం క్రమంగా స్త్రీల మీదకు మళ్ళింది.

1994లో కైరోలో జరిగిన అంతర్జాతీయ సదస్సు తరువాత, 1996 ఏప్రిల్ నుండి దేశంలో లక్ష్యాల పద్ధతిని అధికారికంగా ఎత్తివేశారు. ఆంధ్ర ప్రదేశ్ మాత్రం 1997లో సొంత జనాభా విధానాన్ని ప్రకటించి శాశ్వత పద్ధతులకు ప్రాధాన్యం కొనసాగించింది. రాష్ట్రంలో మొత్తం సంతాన సాఫల్య రేటు 1998-99 నాటి రెండవ సర్వేలో సుమారు 2.25 ఉండగా, 2005-06లో 1.8కి, 2019-21లో 1.7కి తగ్గింది.

పద్ధతులు, ధరలు

కేంద్ర ప్రభుత్వం 1968లో "నిరోధ్" కండోములను మూడింటికి 15 పైసల ధరకు అమ్మకానికి పెట్టింది. బ్రూక్ బాండ్, లిప్టన్, హిందుస్తాన్ లీవర్, ఐ.టి.సి. వంటి సంస్థల పంపిణీ వ్యవస్థ ద్వారా టీపొడి, సబ్బులు అమ్మే పల్లె దుకాణాలకు కూడా ఇవి చేరాయి. ఉచితంగా ఇచ్చినదానికి విలువ ఉండదని, స్వల్ప ధర పెడితే కొన్నవారు తప్పక వాడతారని ఈ పద్ధతిని సమర్థించినవారి వాదన. ఆరోగ్య కేంద్రాలలో ఉచిత పంపిణీ కూడా దానితో పాటే సాగింది.

2011లో మొదలై తరువాత దేశమంతటికీ విస్తరించిన పథకం కింద ఆశా కార్యకర్తలు సాధనాలను ఇంటికే తెచ్చి ఇస్తారు. ఈ సేవకు ఆమె తీసుకోదగిన రుసుము మూడు కండోముల పొట్లానికి 1 రూపాయి, ఒక నెల మాత్రలకు 1 రూపాయి, అత్యవసర మాత్రకు 2 రూపాయలు. కాపర్-టీ ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. "అంతర" అనే మూడు నెలల ఇంజెక్షను, లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనా సంస్థ రూపొందించిన సెంట్‌క్రోమన్ మాత్ర "ఛాయ" పేరుతోను 2017 నుండి ప్రభుత్వ కార్యక్రమంలో ఉన్నాయి. వస్తు సేవల పన్నులో కండోములకు, గర్భనిరోధక సాధనాలకు మినహాయింపు ఉంది.

అయినా ఈ చౌక సాధనాలను వాడేవారు రాష్ట్రంలో బహు తక్కువ. 2005-06 నాటి మూడవ సర్వేలో, వివాహితులలో ఏదో ఒక పద్ధతి పాటించేవారు 67.6 శాతం. అందులో స్త్రీల ఆపరేషన్ 62.9 శాతం, పురుషుల ఆపరేషన్ 2.9 శాతం. కాపర్-టీ 0.5, కండోము 0.5, మాత్రలు 0.3 శాతం మాత్రమే. 2019-21 నాటికి స్త్రీల ఆపరేషన్ సుమారు 70 శాతానికి పెరగగా, పురుషుల ఆపరేషన్ అర శాతం కంటె తక్కువకు పడిపోయింది. స్త్రీలు ఆపరేషన్ చేయించుకునే మధ్యస్థ వయసు జాతీయంగా 25 దాటి ఉండగా, రాష్ట్రంలో 23 ఏళ్ళ దగ్గర ఉన్నది.

వేసెక్టమీ చిన్న శస్త్రచికిత్స. కోత లేని పద్ధతిలో పొట్ట తెరిచే అవసరం ఉండదు, ఆసుపత్రిలో ఉండనక్కరలేదు, ప్రమాదమూ తక్కువ. అంటే రాష్ట్రంలో వాడుకలో ఉన్నది చౌకైన పద్ధతీ కాదు, సులభమైనదీ కాదు. పురుషుడు బరువు పనులకు పనికిరాకుండా పోతాడనే అపోహ, ఇది ఆడవారి పని అనే భావన, అత్యవసర పరిస్థితి నాటి భయం ఇందుకు కారణాలుగా చెబుతారు.

కూలి నష్టపరిహారం

శస్త్రచికిత్స చేయించుకున్నవారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నగదును 1981 నుండి ప్రోత్సాహకం అనక "కూలి నష్టపరిహారం" అని వ్యవహరిస్తున్నారు. 2007 సెప్టెంబరులో సవరించిన రేట్లు, ఆంధ్ర ప్రదేశ్ వంటి రాష్ట్రాలలో ప్రభుత్వ ఆసుపత్రులకు వర్తించేవి, ఇలా ఉన్నాయి:

* వేసెక్టమీ: మొత్తం 1,500 రూపాయలు. అందులో చేయించుకున్నవారికి 1,100, తీసుకొచ్చినవారికి 200.
* ట్యూబెక్టమీ (దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు, షెడ్యూల్డు కులాలు, తెగలు): మొత్తం 1,000 రూపాయలు. అందులో చేయించుకున్నవారికి 600, తీసుకొచ్చినవారికి 150, మందులకు 100, శస్త్రవైద్యునికి 75, ఫలహారానికి 10.
* ట్యూబెక్టమీ (ఇతరులు): మొత్తం 650 రూపాయలు. అందులో చేయించుకున్నవారికి 250.

ఈ పరిహారం ఎన్ని రోజుల కూలికి సమానమో లెక్కించవచ్చు. అప్పట్లో రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 80 రూపాయలు. 600 రూపాయలు ఏడున్నర రోజుల కూలి. ఎన్ని రోజుల విశ్రాంతి అవసరమో తెలుసుకోవడానికి కార్మిక రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) నియమాలే ఒక కొలమానం. ఆ పథకంలో వేసెక్టమీకి 7 రోజులు, ట్యూబెక్టమీకి 14 రోజులు పూర్తి వేతనం ఇస్తారు. ఆ లెక్కన కూలి స్త్రీకి 14 రోజులకు 1,120 రూపాయలు రావలసి ఉండగా ఇచ్చినది 600. పురుషునికి 7 రోజులకు 560 రావలసి ఉండగా ఇచ్చినది 1,100. పురుషులను ముందుకు తేవడం కోసమే వారి రేటు ఎక్కువగా పెట్టారు. కాని ఎక్కువ రోజులు పనికి దూరమయ్యే స్త్రీకి తక్కువ పరిహారం అందింది. 2025-26లో ఆంధ్ర ప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. 2007 నాటి 600 రూపాయలు ఆ లెక్కన రెండు రోజుల కూలికి కూడా చాలవు.

2014లో కేంద్రం అధిక సంతాన రేటు గల 11 రాష్ట్రాలలో స్త్రీలకు 1,400, పురుషులకు 2,000 రూపాయలకు రేట్లు పెంచింది. అప్పటికే సంతాన రేటు తగ్గిన ఆంధ్ర ప్రదేశ్ ఆ జాబితాలో లేదు. పరిహారం నిజంగా పోయిన కూలికే అయితే, రాష్ట్ర సంతాన రేటును బట్టి అది మారనక్కరలేదు.

వ్యవస్థీకృత రంగంలో ఈ భారం యజమాని మీద గాని, బీమా నిధి మీద గాని పడుతుంది. ప్రసూతి ప్రయోజన చట్టం (1961) లోని 9ఎ సెక్షను ట్యూబెక్టమీ చేయించుకున్న ఉద్యోగినికి రెండు వారాల వేతన సెలవు కల్పించింది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు ప్రత్యేక ఆకస్మిక సెలవుతో పాటు, చిన్న కుటుంబం పాటించినందుకు ఇచ్చిన ప్రత్యేక ఇంక్రిమెంటు 2017 జూలై వరకు అమలులో ఉండేది. వేరుశనగ చేలో కలుపు తీసే కూలికి ఇవేవీ వర్తించవు. విత్తనం, కలుపు, కాయ పీకుడు రోజులలో రెండు వారాలు ఇంట ఉండడమంటే ఆ ఏటి సంపాదనలో చెప్పుకోదగిన భాగం వదులుకోవడమే. తోడు వచ్చిన తల్లి లేదా అత్త కూలి, బస్సు లేదా ఆటో ఛార్జీలు కూడా కుటుంబమే భరించాలి.

వైఫల్యం, ప్రాణనష్టం

ఏ ఆపరేషనూ నూటికి నూరుపాళ్ళు సఫలం కాదు. విఫలమై బిడ్డ పుడితే పోషణ ఎవరిదన్న ప్రశ్న సుప్రీం కోర్టు వరకు వెళ్ళింది.

* హర్యానా ప్రభుత్వం వర్సెస్ సంత్రా (2000): ఏడుగురు పిల్లలున్న కూలి స్త్రీకి ఆపరేషన్ చేసినప్పుడు ఒక వైపు నాళాన్నే మూసివేశారు. ఆమె మళ్ళీ ప్రసవించింది. బిడ్డ పెంపకం ఖర్చు ప్రభుత్వమే భరించాలని కోర్టు తీర్పు ఇచ్చింది.
* పంజాబు ప్రభుత్వం వర్సెస్ శివరాం (2005): వైద్యుని నిర్లక్ష్యం రుజువు కానప్పుడు, కేవలం వైఫల్యానికి పరిహారం ఇవ్వనక్కరలేదని కోర్టు తేల్చింది. అయితే పేదల కోసం సంక్షేమ నిధి లేదా బీమా పథకం ఆలోచించవలసిందని ప్రభుత్వానికి సూచించింది.
* రమాకాంత్ రాయ్ కేసు (2005): శస్త్రచికిత్సలలో ప్రమాణాలు, పరిహారం, బీమా కోసం కోర్టు ఆదేశాలు ఇచ్చింది.

వీటి నేపథ్యంలో 2005 నవంబరులో కుటుంబ నియంత్రణ బీమా పథకం ఏర్పడింది. 2013 నుండి బీమా సంస్థ ప్రమేయం లేకుండా ప్రభుత్వమే నేరుగా చెల్లిస్తున్నది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ లోని బిలాస్‌పూర్ శిబిరాలలో 13 మంది స్త్రీలు మరణించారు. దేవికా బిశ్వాస్ కేసులో 2016 సెప్టెంబరు 14న తీర్పు చెబుతూ, సుప్రీం కోర్టు మూడేళ్ళలో శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పాలని, పరిహారం పెంచాలని ఆదేశించింది. ఆ తరువాత ఆసుపత్రిలో గాని, ఇంటికి వెళ్ళిన ఏడు రోజులలోగా గాని మరణిస్తే 4 లక్షలు, 8-30 రోజుల మధ్య మరణిస్తే 1 లక్ష, వైఫల్యానికి 60,000, ఉపద్రవాలకు 50,000 వరకు అని నిర్ణయమైంది. దరఖాస్తు సంఘటన జరిగిన 90 రోజులలోగా చేయాలి. ఆపరేషన్ తరువాత వలస పోయిన కుటుంబానికి ఈ గడువు పాటించడం సులభం కాదు.

కొత్త సాధనాల ప్రయోగాలలోని ప్రమాదం కూడా ఈ చర్చలో భాగమే. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ ఇంజెక్షను ప్రయోగానికి పేద స్త్రీలను చేర్చుకోవడాన్ని హైదరాబాదు లోని స్త్రీ శక్తి సంఘటన వ్యతిరేకించింది. దుష్ఫలితాల గురించి స్త్రీలకు తెలియజెప్పలేదన్నది వారి ప్రధాన ఆరోపణ. 1986లో ఈ సంఘం ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీం కోర్టుకు వెళ్ళింది.

ప్రోత్సాహకాలు, ఆంక్షలు

1997 నాటి ఆంధ్ర ప్రదేశ్ జనాభా విధానం చిన్న కుటుంబాన్ని ప్రభుత్వ పథకాలతో ముడిపెట్టింది. పాఠశాల భవనాలు, గ్రామీణ పనుల నిధులకు కుటుంబ నియంత్రణలో గ్రామం సాధించిన ఫలితం ఒక ప్రమాణమైంది. ఇళ్ళ స్థలాలు, మిగులు భూముల పంపిణీలో శాశ్వత పద్ధతి పాటించినవారికి ప్రాధాన్యం ప్రకటించారు. ఇల్లు, భూమి లేనివారికే ఈ షరతు వర్తిస్తుంది గనుక ఇది పేదలపైనే ఒత్తిడి అని విమర్శకులు పేర్కొన్నారు.

2005లో వచ్చిన బాలికా సంరక్షణ పథకం ఒకే ఆడపిల్లతో ఆపరేషన్ చేయించుకున్న కుటుంబానికి, ఆ బాలికకు 20 ఏళ్ళు నిండాక 1 లక్ష రూపాయలు, ఇద్దరు ఆడపిల్లలైతే ఒక్కొక్కరికి 30,000 రూపాయలు ఇస్తామని హామీ ఇచ్చింది. 2013లో దీని స్థానంలో బంగారు తల్లి పథకం వచ్చింది. పంచాయతీ రాజ్ చట్టం (1994) ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలలో పోటీకి అనర్హులను చేసింది. సంతాన రేటు బాగా పడిపోయిన నేపథ్యంలో ఈ నిబంధనను 2024 నవంబరులో రాష్ట్ర శాసనసభ రద్దు చేసింది. 1997 విధానం వచ్చినప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న నారా చంద్రబాబు నాయుడే 2024లో ఎక్కువ మంది పిల్లలను కనవలసిందిగా ప్రజలను కోరాడు. 1990లలో ఇరవై మూడేళ్ళకే ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలకు ఈ మార్పు వర్తించదు. నాళాలను తిరిగి కలిపే శస్త్రచికిత్స మొదటిదానికంటె క్లిష్టమైనది, ఫలితం ఖాయం కాదు.

కేంద్రం, రాష్ట్రాలు

కుటుంబ నియంత్రణ చాలా కాలం నూరు శాతం కేంద్ర నిధులతో నడిచిన కార్యక్రమం. 1976లో 42వ రాజ్యాంగ సవరణ దీనిని ఉమ్మడి జాబితాలో చేర్చింది. 2015-16 నుండి జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తున్నాయి.

జనాభా తగ్గించిన రాష్ట్రాలు నష్టపోరాదని లోక్‌సభ స్థానాల సంఖ్యను 1971 లెక్కల ఆధారంగా స్తంభింపజేశారు. 84వ సవరణ (2001) దీనిని 2026 తరువాతి తొలి జనగణన వరకు పొడిగించింది. 15వ ఆర్థిక సంఘం 2011 జనాభాను ప్రమాణంగా తీసుకున్నప్పుడు, సంతాన రేటు తగ్గించిన రాష్ట్రాల కోసం "జనాభా నియంత్రణ కృషి"కి 12.5 శాతం భారాంకం కేటాయించింది. అంటే రాష్ట్రాల స్థాయిలో ఈ కృషికి ఒక విలువ కట్టి చెల్లించారు. ఆ కృషిలో అత్యధిక భాగం స్త్రీల ఆపరేషన్ల ద్వారా సాధించినదే.

ఇతర దేశాలలో

ఇంగ్లండులో 1974 నుండి గర్భనిరోధక సాధనాలు జాతీయ ఆరోగ్య సేవ ద్వారా అందరికీ ఉచితం. అమెరికాలో 2012 నుండి బీమా సంస్థలు రుసుము లేకుండా వీటిని అందించాలని నియమం వచ్చింది. మత విశ్వాసం గల యజమానులు ఇందుకు చెల్లించాలా అన్న వివాదంలో 2014లో అక్కడి సుప్రీం కోర్టు, కొద్దిమంది యాజమాన్యంలోని సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. ఫ్రాన్సులో 2022 నుండి 25 ఏళ్ళ వరకు స్త్రీలకు ఉచితం. ఆ దేశాలలో వివాదం సాధనం ధర గురించి. భారత దేశంలో సాధనం ఉచితమే కనుక చర్చ దాని చుట్టూ ఉన్న ఇతర ఖర్చుల మీదకు మళ్ళింది.

ప్రధాన వాదనలు

* ప్రభుత్వమే భరించాలి: తక్కువ జననాల వలన సమాజం మొత్తానికి లాభం గనుక కూలి, ప్రయాణం, తదనంతర చికిత్స కూడా ప్రజాధనం నుండే రావాలి.
* వాడేవారు కొంత చెల్లించాలి: స్వల్ప ధర వలన దుర్వినియోగం తగ్గి, సరఫరా నిలకడగా ఉంటుంది. నిరోధ్ అమ్మకం దీనికి ఉదాహరణ.
* నగదు వద్దు, సేవ కావాలి: కరువు ప్రాంతంలో నగదు స్వేచ్ఛా నిర్ణయాన్ని వంచుతుంది. దాని బదులు పిల్లల మధ్య ఎడం పాటించే సాధనాలు, సలహా, నాణ్యమైన ఆసుపత్రి అవసరం.
* కూలి లెక్కన పరిహారం: నగదును బహుమతిగా కాక, కనీస వేతనంతో ముడిపెట్టి 14 రోజులకు చెల్లించాలి. వ్యవస్థీకృత రంగంలో ఉన్న హక్కునే కూలీలకు విస్తరించడం ఇది.
* పురుషుల బాధ్యత: దంపతులకు చెందిన నిర్ణయానికి ఖర్చు, నొప్పి, ప్రమాదం స్త్రీ ఒక్కతే భరిస్తున్నంత కాలం ఏ చెల్లింపూ న్యాయం కాదు.

చివరి రెండు వాదనలు పరస్పర విరుద్ధం కావు. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఆపరేషన్‌కు భర్త లేదా భార్య అంగీకారం అవసరం లేదు. స్త్రీకి కనీస వయసు 22 ఏళ్ళు. నిర్ణయాధికారం చట్టరీత్యా ఆమెదే అయినప్పుడు, దాని ఖర్చును కూడా ఆమెకే వదిలివేయడం ఎంతవరకు సమంజసమన్నది అనంతపురం వంటి జిల్లాలలో ఇంకా పరిష్కారం కాని ప్రశ్న.

ఇవి కూడా చూడండి

* అనంతపురం జిల్లా
* శ్రీ సత్యసాయి జిల్లా
* వేసెక్టమీ
* ట్యూబెక్టమీ
* ఆరోగ్యశ్రీ
* జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం
* భారత దేశ జనాభా